గడిలో రాసిన ‘మంచిగున్నడు’

మా ప్లాంటులో చేరిన మొదటి వారం సూపర్‌వైజర్ నాకు నేర్పింది కొలతలు కాదు, తనిఖీ కాగితం నింపడం. గడి ఖాళీగా వదిలితే తప్పు, చూడకుండా ఆ గడిలో ఓకే అని రాస్తే అంతకన్నా పెద్ద తప్పు అన్నాడు. ఖాళీ గడిని చూసినవాడు అనుమానపడి మళ్లీ కొలుస్తాడు. తప్పుడు ఓకేని చూసినవాడు నమ్మి ముందుకు పంపేస్తాడు.

మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, జహీరాబాద్ బయట వాహనాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో చేరి ఐదేళ్లయింది. ప్లాంటులో ఒక్క గడి కూడా చూడకుండా నింపలేదు. ఇంట్లో మాత్రం డెబ్బై నాలుగు గళ్లు నింపాను. అవన్నీ మా అన్నవి.

ఇంట్లో మేము ముగ్గురం. అమ్మ, అన్న, నేను. నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్న పోయాడు. అప్పటికే అన్న మోటారు వైండింగ్ పని నేర్చుకుని సొంతంగా షాపు పెట్టుకున్నాడు. మొగుడంపల్లి, న్యాల్‌కల్, కోహీర్ వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి వేస్తారు. లోపల మాడిపోయిన రాగి తీగను పీకేసి, కొత్త తీగను చుట్టలుగా చుట్టి బిగించాలి. ఏ చుట్టకు ఎన్ని చుట్లు అన్నది లెక్క. ఆ లెక్క తప్పితే మోటారు వేడెక్కి మళ్లీ కాలిపోతుంది. అన్నకు ఈ పని నేర్పింది ఉర్దూ మాట్లాడే ఒక ముసలి మేస్త్రీ. చాచా అని పిలిచేవాళ్లం. అందుకే మా ఇంట్లో అందరిదీ తెలుగే అయినా అన్న చేతులు మాత్రం ఉర్దూలో లెక్కపెడతాయి. ఏక్, దో, తీన్. బయటికి వినపడదు. పెదవులు కదులుతాయి, అంతే.

మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు మేము దాన్ని జబ్బు అనుకోలేదు, సంతోషపడ్డాం కూడా. అది నిరుటి ఎండాకాలం, మోటార్లు ఎక్కువగా కాలే రోజులు. అన్న రోజుకు రెండు గంటలు పడుకుని మిగతా సమయమంతా పనిచేసేవాడు. అలసట లేదు. మాట్లాడితే ఆగడు. న్యాల్‌కల్ నుంచి కోహీర్ దాకా ఊరికొక షాపు పెడతానని, చుట్లు చుట్టే యంత్రం తానే కనిపెడతానని గోడ మీద సుద్దముక్కతో బొమ్మలు గీశాడు. “నాయిన పోయిన ఇన్నేండ్లకు ఇంటి బరువు తెలిసొచ్చింది నా కొడుక్కు” అని అమ్మ మురిసింది. నేను ఆ బొమ్మల్లో కొలతలు సరిచేసి పెట్టాను. మూడో వారంలో అన్న కరెంటు స్తంభం కింద నిలబడి, తీగల్లోంచి తనకు ఆర్డర్లు వస్తున్నాయని చెప్పాడు. అప్పుడు సంగారెడ్డి తీసుకెళ్లాం. కొన్ని వారాలు దవాఖానలో ఉంచారు.

ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టర్ నాతో, “మీరు చదువుకున్నారు కదా, రోజూ నాలుగు విషయాలు రాసి పెట్టండి. నెలకోసారి నేను చూసేది పది నిమిషాలు. మిగతా నెల అంతా మీ కళ్లతోనే చూడాలి,” అన్నాడు.

నాలుగు విషయాలు అంటే నేను ఆరు గళ్లు గీశాను. ఎన్ని గంటలు పడుకున్నాడు. మాట వేగం. ఉత్సాహం ఎంత, దిగులు ఎంత. తిండి. మందులు వేసుకున్నాడా. ఎవరూ లేనప్పుడు మాటలు వినపడ్డాయా. ఉత్సాహానికి మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా కొలత పెట్టాను. సున్నా అంటే మామూలు. చివర రిమార్కుల గడి. ప్లాంటులో ప్రింట్ తీసి, అట్టకు క్లిప్పు పెట్టి, బీరువా పక్కన మేకుకు తగిలించాను. అన్న దాన్ని చూసి నవ్వాడు.

“ఏందిరా ఇది? నన్ను గూడ డిస్పాచ్ చేస్తవా?”

“పాసైతె చేస్త.”

“ఫెయిలైతె?”

“రీవర్క్.”

“జర మెల్లగ చెయ్ రీవర్క్. బోల్టులు అరిగినయి,” అన్నాడు.

వానాకాలంలో దిగులు వచ్చింది. కొలత మైనస్ మూడు. గోడ వైపు తిరిగి పడుకున్నవాడు లేచేవాడు కాదు. అమ్మ అన్నం కలిపి తినిపించేది. ఆ రోజుల్లో ఒక గొంతు, “నువ్వు దండగ, నువ్వు దండగ,” అంటోందని తనే చెప్పాడు. రాశాను. డాక్టర్ తన పాత ఫైలు పక్కన నా కాగితాలు వరసగా పరిచి చూశాడు. ఉత్సాహం పెరిగినప్పుడు మాటలు వచ్చాయి, దిగులు ముదిరినప్పుడు మాటలు వచ్చాయి. మూలం మనసు ఎక్కడం దిగడంలోనే ఉంది, మాటలు దాని వెంట వస్తున్నాయి అన్నాడు. మనసును నిలబెట్టడానికి ఒక మందు, మాటలు ఆపడానికి ఇంకో మందు ఇచ్చాడు.

దసరా పోయాక అన్న లేచాడు. గడ్డం గీసుకుని షాపు తెరిచాడు. కొలత సున్నా మీదకు వచ్చి అక్కడే నిలిచింది. నాకు అప్పుడు రెండో షిఫ్టు పడింది. అన్న పొద్దున వెళ్లేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. పదకొండున్నరకు షాపుకెళ్లి సద్ది డబ్బా ఇచ్చేవాణ్ణి, ఓ పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. తర్వాత డ్యూటీ. సాయంత్రం టీకి వదిలినప్పుడు అమ్మకు ఫోన్ చేసేవాణ్ణి.

“అన్న ఎట్లున్నడే?”

“మంచిగున్నడు.”

“మాటలేమన్న ఇనవడుతున్నయన్నడా?”

“మంచిగున్నడు అన్న గద. నువ్వు చాయ తాగినవా?”

నేను జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకునేవాణ్ణి. ఇంటికి వచ్చి కాగితంలో ఎక్కించేవాణ్ణి. మాటలు: లేవు. ఓకే.

మా దగ్గర ‘మంచిగున్న’ అంటే ఏమిటో నేను అప్పుడు ఆలోచించలేదు. జ్వరంతో ఉన్నవాణ్ణి అడిగినా మంచిగున్న అంటాడు. పంట పోయిన రైతును బస్టాండులో పలకరిస్తే మంచిగున్న అంటాడు. అది కొలత కాదు, పలకరింపుకు బదులు. నేను దాన్ని కొలత అనుకున్నాను.

డెబ్బై నాలుగో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. క్రిస్మస్‌కు ముందు. నేను, నా పక్కన అన్న, వెనక కుర్చీలో అమ్మ. డాక్టర్ కాగితాలు తిప్పుతూ నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

“ఈ రెండున్నర నెలలు మనసు మామూలుగా ఉంది కదా. ఈ రోజుల్లో ఎప్పుడైనా మాటలు వినపడ్డాయా?”

“లేదు సార్. ఒక్కరోజు కూడా లేదు.”

“బాగా ఆలోచించి చెప్పండి. నాకిది ముఖ్యం.”

“ఆలోచించక్కర్లేదు సార్. రాసి ఉంది,” అన్నాను.

డాక్టర్ అన్న వైపు తిరిగాడు. అన్న, “తమ్ముడు రాసిందే కరెక్టు సార్,” అన్నాడు. డాక్టర్ అమ్మ వైపు చూశాడు. అమ్మ తన సంచీ జిప్పు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. “మంచిగున్నడు సారూ,” అంది.

ఇంత శుభ్రంగా రాసేవాళ్లు తన దగ్గరికి ఎవరూ రాలేదని డాక్టర్ నన్ను మెచ్చుకున్నాడు. మాటలు ఆపే మందును కొంచెం కొంచెంగా తగ్గిద్దామన్నాడు. దానివల్ల అన్నకు చేతులు వణుకుతున్నాయి, సన్న తీగ పట్టుకోవడం కష్టమవుతోంది. తగ్గిస్తామంటే అందరం సంతోషించాం. బస్సులో నేను అమ్మకు కిటికీ పక్క సీటు ఇచ్చాను. దారి పొడుగునా ఆమె బయటికే చూసింది.

ఇప్పుడు నేను సంతకం పెట్టిన ఆ పాత కాగితాల్లోంచి రిమార్కుల గడి మాత్రం చదువుతాను. నా చేతిరాతే. షాపులో కూర్చున్న ఆ పది నిమిషాల్లో నా కళ్లతో చూసినవే.

ఒకటి. ‘పని మీద శ్రద్ధ పెరిగింది. చుట్లు గట్టిగా, బయటికి వినపడేలా లెక్కపెడుతున్నాడు.’

రెండు. ‘చలిగా ఉన్నా ఫ్యాను వేసుకుంటున్నాడు. మందు వల్ల వేడి చేస్తోందేమో.’

మూడు. ‘ఒక చెవికి ఇయర్‌ఫోను. పాటలు వింటున్నాడు. మంచిదే.’ ఇయర్‌ఫోను వైరు చివర ఫోనుకు పెట్టి లేదు, జేబులో ఊరికే ఉంది. అది కూడా చూశాను. ‘ఛార్జింగ్ అయిపోయినట్టుంది’ అని రాశాను.

నాలుగు. ‘ప్రశ్న అడిగితే కాసేపు ఆగి జవాబు చెబుతున్నాడు. తొందర తగ్గింది.’ ఇంకెవరో మాట్లాడి ముగించేదాకా ఆగుతున్నాడని నాకు తట్టలేదు.

ఐదు రాయలేదు. రాయదగినది అనిపించలేదు. మూడుసార్లో నాలుగుసార్లో, నేను నోరు తెరవకపోయినా, “పిలిచినవా?” అని అడిగాడు.

పేజీకి పైన ఉత్సాహం సున్నా. నిద్ర ఏడు గంటలు. తిండి మామూలు. ఆ సున్నా నా కళ్లు కప్పింది. సున్నా ఉన్నప్పుడు మాటలు ఉండవని డాక్టర్ ఊహ అయితే, ఆ ఊహ నిజమని నేను సాక్ష్యం పలికాను.

ఫిబ్రవరి చివర ఒక పొద్దున షాపు నుంచి ఫోన్ వచ్చింది. మొగుడంపల్లి వైపు రైతు. తన మోటారు తీసుకుపోదామని వచ్చాడు.

“మీ అన్నకు ఏమాయె సారూ? చుట్టిన మోటార్లన్ని మళ్ల కోస్తున్నడు. నాది గూడ కోసిండు. అడ్డం పోతె ఆగుమంటడు, కోపం గూడ లేదాయనకు. నా చెరుకు ఎండుతది సారూ, జర జల్ది రా.”

వెళ్లేసరికి అన్న పీట మీద కూర్చుని, కటింగ్ ప్లయరుతో ఒక్కొక్క చుట్టనూ ఓపికగా కత్తిరిస్తున్నాడు. చుట్టూ కొత్త రాగి తీగ ముక్కలు. కళ్లలో ఉత్సాహం లేదు, దిగులు లేదు. ముందురోజు రాత్రి ఏడు గంటలు పడుకున్నాడు. పొద్దున మూడు రొట్టెలు తిన్నాడు. నా కాగితం ప్రకారం పూర్తిగా బాగున్న మనిషి.

“అన్నా, ఏం చేస్తున్నవే?”

కాసేపు ఆగాడు. “లెక్క తప్పింది తమ్మీ. అన్నిట్ల తప్పింది.”

“ఎట్ల తప్పుతదే? నీ లెక్క ఎన్నడన్న తప్పిందా?”

“నేను తప్పలే. తప్పించిన్రు.”

“ఎవలు?”

ప్లయరు నా చేతికిచ్చి లేచాడు. రైతుకు నేను దండం పెట్టి, రెండు రోజుల్లో వేరే షాపులో చుట్టించి పంపుతానని ఒప్పుకున్నాను. ఆయన తల గోక్కుంటూ, “మోటారు పోతె పోనీ గానీ, మీ అన్నను ముందుగాల చూస్కోరి,” అన్నాడు. అన్నను బండి మీద ఎక్కించుకుని మా సందు దాకా తెచ్చాను.

మా సందు మొదట్లో ఒక పెద్దమ్మ ఇల్లు. అమ్మ, ఆమె ఒకే చర్చికి పోతారు. ప్రతి శుక్రవారం ఆడవాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో ఉపవాస ప్రార్థనకు కూడతారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ తమ కష్టం పైకి చెబుతారు. దాన్ని ప్రార్థన అంశం అంటారు. ఒకరి అంశాన్ని అందరూ మోస్తారు, వారం వారం, అది తీరేదాకా. పెద్దమ్మ అన్న ముఖం చూసి, అతను బండి దిగి సందులోకి నడిచిపోయేదాకా ఆగి, నా చేయి పట్టుకుంది.

“ఏమాయె బిడ్డా? ఆ లెక్కవెట్టే మాటలు మళ్ల జోరైనయా?”

“ఏ మాటలు పెద్దమ్మా?”

“గవే బిడ్డా. అన్న ఉర్దూల లెక్కవెడుతుంటె ఎవడో చెవుల తెలుగుల లెక్కవెట్టి తప్పిస్తడట గద. దసర పోయిన కాడికెల్లి మేమందరం ఇడువకుంట ప్రార్థన చేస్తనే ఉన్నం. మొన్న శుక్రారం గూడ కన్నీళ్లతోని చేసినం. నువ్వేం ఫికర్ చెయ్యకు.”

ఆమె మంచి మనసుతో చెప్పింది. నేను ఆమె ముందు తల ఊపాను, నాకు ముందే తెలిసినట్టు. అది నేను ఆ రోజు చేసిన నటన.

సందులో మా ఇల్లు తొమ్మిదోది. అక్కడికి చేరేలోపు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నవంబరులో ఒకామె నన్ను ఆపి కోహీర్ జామపండ్లు సంచీ నిండా ఇచ్చి, “అన్నకు పెట్టు బిడ్డా,” అని నా తల నిమిరింది. ఎందుకు నిమిరిందో అప్పుడు అర్థం కాలేదు. క్రిస్మస్ రోజు ఇంకొకామె అన్నను ముందు వరసలో కూర్చోబెట్టింది. జనవరిలో షాపు ముందు నుంచి పోతూ ఇద్దరు ఆగి, అన్న గట్టిగా లెక్కపెట్టడం విని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నవ్వుతూ, “మా అన్నకు పనంటె పిచ్చి,” అన్నాను. వాళ్లు నవ్వలేదు. శుక్రవారం కూటంలో పద్నాలుగు మంది ఆడవాళ్లకు తెలుసు. ఈ ఊళ్లో మా అన్న రోజులను రాసిపెట్టే బాధ్యత ఒక్కడిది. ఆ ఒక్కడికి తెలియదు.

అమ్మ వంటింట్లో జొన్నరొట్టె తడుతోంది.

“అమ్మా, అన్నకు మాటలు ఎప్పటికెల్లి ఇనవడుతున్నయి?”

తట్టే చేయి ఆగలేదు. “ఎవలు చెప్పిన్రు?”

“ఎవలు చెప్తె ఏంది? ఎప్పటికెల్లి?”

“పెనం మీద రొట్టె ఉంది. జరాగు.”

“అమ్మా.”

“దసర పోయినంక,” అంది. “ఒకటి రెండు దినాలు మద్దెల మద్దెల ఉండకపోతుండె. కడమ అన్ని దినాలు ఉండె.”

“రోజు ఫోన్ చేసి అడుగుతుంటి గదనే. శుక్రారం కూటంల పద్నాలుగు మందికి చెప్పినవు. నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తె రాస్తవు.”

“రాయనీకెనే గద అడిగిన!”

“గందుకే చెప్పలే.” పిండి చేతులతోనే నా వైపు తిరిగింది. “నువ్వు రాస్తవు. డాక్టరు సదువుతడు. సదివి మళ్ల చేర్చుమంటడు. పోయినసారి ఆ జాలి తలుపు కాడ నిలవడి, అమ్మా ఇంటికి పోదామే, ఇంటికి పోదామే అని నీ అన్న ఏడ్చిండు. నువ్వు డ్యూటీకి పోయినవు. ఇన్నది నేను. దేవునికి చెప్తె ఆయన రాయడు.”

“ఎందుకు రాయడు? దేవుని పుస్తకం, జీవగ్రంథం అని నువ్వే అంటవు గద.”

“రాస్తె రాస్తడు. తీస్కపోయి సంగారెడ్డిల చూపియ్యడు.”

నాకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు కోపం ఇంకా పెరిగింది. “డాక్టరు ముంగట గూడ అబద్ధం చెప్పినవు. ఆ అబద్ధం మీద ఆయన మందు తగ్గించిండు. తెలుసా నీకు?”

“అబద్ధం చెప్పలే నేను. తిన్నడు, పన్నడు, పనికి పోయిండు. మంచిగున్నడు అంటె గదే గద?” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటే పిండి చెంపకు అంటింది. తుడవాలనిపించింది. తుడవలేదు.

గడప దగ్గర నుంచి అన్న, “అమ్మను అనకురా,” అన్నాడు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో. “చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నది నేనే.”

“నువ్వా? డాక్టరు ముంగట తమ్ముడు రాసిందే కరెక్టు అంటివి.”

“అంటి.”

“ఎందుకే?”

చాలాసేపు ఆగాడు. ఈసారి ఎందుకు ఆగాడో నాకు తెలుసు. “నువ్వు రోజు వచ్చి ఓకే ఓకే అని రాస్తుంటివి. మేకుకు ఏలాడుతుండె గద, రోజు చదువుకునేటోన్ని. షాపుల ఒకడున్నడు, నీ కాగితంల ఒకడున్నడు. కాగితంల ఉన్నోడే మంచిగుండె తమ్మీ. వాన్నెందుకు చెడగొట్టాలె అనుకున్న.”

ఆ మాట విన్నాక నా కోపం పోయిందని రాస్తే అది కూడా చూడకుండా రాసిన ఓకే అవుతుంది. పోలేదు. ఇద్దరూ కలిసి నా చేతితో ఒక అబద్ధాన్ని నెలల తరబడి రాయించారు. శుభ్రమైన చేతిరాత కాబట్టి అందరూ నమ్మారు. ఆ రాత వల్ల మందు తగ్గింది. మందు తగ్గినందువల్ల అన్న తన చేతులతో చుట్టిన పనిని తన చేతులతోనే కోసుకున్నాడు.

మర్నాడే సంగారెడ్డి వెళ్లాం. డాక్టర్ గదిలో నేను మొదట చెప్పింది ఇదే: “నేను మీకు తప్పు చెప్పాను సార్. చూడకుండా రాశాను.” డాక్టర్ కాగితాలు పక్కన పెట్టి, మమ్మల్ని బయట కూర్చోమని, అన్నతో ముప్పావు గంట మాట్లాడాడు. తర్వాత అన్నే మమ్మల్ని లోపలికి పిలిచాడు.

డాక్టర్ ఒక తెల్లకాగితం మీద రెండు గీతలు గీశాడు. పైది ఎక్కి దిగి, తర్వాత చదునుగా పోయింది. కిందిది మొదలైన చోటి నుంచి చదును దాకా నడిచి, అక్కడ కూడా ఆగలేదు.

“పైది మనసు. కిందిది మాటలు, భ్రమలు. కింది గీత ఎప్పుడూ పై గీత వెంటే వస్తోందని ఇన్నాళ్లూ అనుకున్నాం. పై గీత మామూలుగా ఉన్నప్పుడు కూడా కిందిది సొంతంగా నడిచింది. ఒక రెండు వారాలు అలా నడిచినా మేము ఆగి ఆలోచిస్తాం. ఇక్కడ నెలలు నడిచింది. దీన్ని స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్ అంటాం. రెండూ ఉన్నాయి కాబట్టి రెండింటికీ మందు నడవాలి. ఒకటి నెమ్మదించిందని రెండోది తీయకూడదు.”

అన్న ఆ గీతలను కాసేపు చూశాడు. “తెలిసింది సార్. ఒక్క మోటారుకు రెండు రోగాలు. బేరింగు పోయింది, వైండింగు పోయింది. చప్పుడొస్తుందని బేరింగు మారుస్తం. చప్పుడు బంద్ అయితది. మంచిగైందనుకుంటం. లోపట కాలుతనే ఉంటది.”

“నా దగ్గర చదువుకునే పిల్లలకు ఇది చెప్పనా?” అని డాక్టర్ నవ్వాడు.

“చెప్పుండ్రి. గానీ మేస్త్రీ పేరు చెప్పకుండ్రి,” అన్నాడు అన్న.

మళ్లీ చేర్చమంటాడని అమ్మ సంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. చేర్చమనలేదు. మాటలు ఆపే మందును మునుపటి లెక్కకు తెచ్చి, వారం వారం రమ్మన్నాడు. అమ్మ ఇన్ని నెలలు దేని కోసం దాచిందో అది అసలు జరగనే లేదు. చెప్పి ఉంటే అప్పుడూ జరిగేది కాదేమో. నేను ఆ మాట బస్సులో అనలేదు, ఇంట్లో అన్నాను. రెండుసార్లు. రెండోసారి అనకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం పాత కాగితాలు దించుకుని కూర్చున్నాను. ప్లాంటులో తప్పు గడిని రుద్దకూడదు, వైట్నర్ పూయకూడదు. ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. కింద ఏముండేదో కనపడుతూనే ఉండాలి. అలాగే డెబ్బై నాలుగు ఓకేలనూ, తర్వాత రాసినవాటినీ కొట్టేశాను. పక్కన ఏం రాయాలి? మాటలు ఉన్నాయి అని రాయడానికి ఏ రోజు ఉన్నాయో ఎవరికీ సరిగా గుర్తులేదు. ‘తెలియదు’ అని రాశాను. అన్నిటిలోనూ అదే. తెలియదు, తెలియదు, తెలియదు. ఆ కాగితాలు మొదటిసారి నిజం చెప్పాయి.

కొత్త కాగితంలో ఒక గడి పెంచాను: ‘ఎవరు చెప్పారు’. అమ్మ దాన్ని చూసి, “నా మాటకు సంతకం అడుగుతున్నవా?” అంది. “నీ మాటకే కాదు, నాకు గూడ,” అన్నాను. అది సగం అబద్ధం.

మాటల గడి మాత్రం అన్న తనే నింపుతానన్నాడు. పెన్నుతో కాదు. షాపులో బల్లకు ఒక మేకు కొట్టాడు. మాటలు వచ్చిన ప్రతిసారీ సన్న రాగి తీగను దాని చుట్టూ ఒక చుట్టు తిప్పుతాడు. నేను డబ్బా తెచ్చినప్పుడు విప్పి లెక్కపెట్టి చెబుతాడు. ఏక్, దో, తీన్. మొదటి వారం చుట్ట వేలంత లావుంది. మందు పని చేస్తూ పోయే కొద్దీ సన్నబడింది. ఒక్కో రోజు మేకు బోసిగా ఉంటుంది. తెలుగులో లెక్కపెట్టే గొంతు ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు దూరంగా, పక్క షాపులోంచి వచ్చినట్టు వినపడుతుందంటాడు. మోటార్లు మళ్లీ చుడుతున్నాడు. చుట్టిన ప్రతిదాన్నీ నేను మీటరుతో కొలుస్తాను. అన్నే మీటరు తీసి నా చేతికిస్తాడు.

మొన్నటి ఆదివారం చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. తీరిన ప్రార్థన అంశానికి అందరి ముందు నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పడం అది. మగవాళ్ల వైపు నేనూ అన్నా పక్కపక్కన కూర్చున్నాం. ఆ ముందటి వారం మేకు నాలుగు రోజులు బోసిగా ఉంది. అమ్మ అడిగినప్పుడు మిగతా మూడు రోజుల సంగతి అన్న చెప్పలేదు. నాకు చెప్పాడు, నేను రాశాను.

“నా పెద్దకొడుకు చెవులల్ల మాటలు బంద్ అయినయి. దేవుడు ఇన్నడు. నా కొడుకు మంచిగున్నడు,” అంది అమ్మ మైకులో. ఆ పద్నాలుగు మందీ ఒక్కసారిగా స్తోత్రం అన్నారు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది.

అన్న నా వైపు వంగాడు. “తమ్మీ, పెన్నుందా?”

“ఉంది.”

“ఇయ్యాలటిది ఎంత రాసినవు?”

“రెండు. పొద్దుగాల చెప్పినవు గద.”

“మూడు చెయ్.”

పాటల కాగితం వెనక మూడు అని రాశాను. ‘ఎవరు చెప్పారు’ దగ్గర ‘అన్న’ అని రాశాను.

ఆరాధన అయ్యాక అమ్మ చెప్పులు వేసుకుంటూ మా దగ్గరికి వచ్చింది. చాలా నెలల తర్వాత ముఖం తేటగా ఉంది. “నా సాక్ష్యం ఎట్లుండెరా?” అని నన్నే అడిగింది. నాతో ఆమె అలా ఏదైనా అడిగి కూడా చాలా రోజులైంది. ఆమె వెనక నిలబడి అన్న నా వైపే చూస్తున్నాడు. నా జేబులో ఆ కాగితం ఉంది.

“మంచిగుండె,” అన్నాను.

ఇంటికి వచ్చి గళ్లు నింపాను. మూడు అనే రాశాను. అమ్మతో నేను అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.